గుండ్రం చుట్టిన పేరు

లెక్కలోకి రాని రోజుల్లో మనిషి చేసినదానికి, లెక్కలోకి వచ్చే రోజున ఎంత విలువ ఇవ్వాలి? నాకు డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. ఇంతవరకూ తెలియలేదు. పుస్తకాలు చదివేవాణ్ణి కాబట్టి పుస్తకాల్లోనే వెతికాను, దొరకలేదు. అసలు ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న బంగారురాజు వల్ల వచ్చింది.

బర్మాలోని అహ్లోన్‌లో మా తెలుగు చర్చి ఆవరణలో, వెనకవైపు, ఒక రీడింగ్ రూమ్ ఉంది. నాలుగు బీరువాలు, ఒక పొడుగు బల్ల, ఒక ఫ్యాను. ప్రెస్సులో కంపోజిటరు పని మానేసినప్పటినుంచీ దాని తాళంచెవి నా దగ్గరే ఉంటోంది. రాజు చర్చి మనిషి కాడు. ఇంట్లో పైడితల్లమ్మ పటానికి దండం పెట్టుకుని, కరెంటు వంతు మా వీధికి ఉన్న వేళ చూసుకుని మా గదికి వస్తాడు. "మీ దేవుడి కోసం కాదు బావా, మీ ఫ్యాను కోసం" అని మొదటిరోజే చెప్పేశాడు.

అతనికి అరవై ఆరు. రేవులో ట్యాలీ గుమాస్తాగా ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాడు. మిల్లునుంచి బియ్యం సంచులు పడవలోకి ఎక్కుతుంటే లెక్క రాసే పని అది. మేస్త్రీ చెక్కవంతెన దగ్గర నిలబడి సంఖ్య గట్టిగా పిలుస్తాడు. గుమాస్తా అదే సంఖ్యను అంతే గట్టిగా తిరిగి పలికి, ఆ తర్వాతే పుస్తకంలో గీత గియ్యాలి. పలకకుండా గీసిన గీత గీత కాదు. చివరి సంచి ఎక్కాక పుస్తకం మేస్త్రీ చేతిలో పెట్టి, గుమాస్తా ఇంకొక్క మాట లేకుండా వెళ్ళిపోవాలి. మాట్లాడితే లెక్కలో మాట కలుస్తుందని రేవులో అందరికీ ఒక పట్టింపు.

నలభై ఏళ్ళ కిందట ఒకసారి, పడవలో ఉన్నవాటికంటే రాజు పుస్తకంలో సంచులు ఎక్కువున్నాయని మాట వచ్చింది. లెక్క దిద్దాడన్నారు. అప్పటి మేస్త్రీ ఆల్బర్ట్ మా చర్చివాడే. "నేను పిలిచిందే అతను పలికాడు, పలికిందే రాశాడు, నా చెవులతో విన్నాను" అని పైవాళ్ళ ముందు నిలబడి, పడవ మొత్తం విప్పించి, సంచులన్నీ గట్టుమీదికి దింపించి మళ్ళీ లెక్కపెట్టించాడు. పుస్తకంలో ఎన్ని ఉన్నాయో గట్టుమీదా అన్నే ఉన్నాయి. ఆ రోజు ఆల్బర్ట్ నోరు విప్పకపోతే రాజు మళ్ళీ రేవులో అడుగుపెట్టేవాడు కాడు. ఆ మాట రాజే నాకు పదిసార్లు చెప్పాడు. పదిసార్లూ ఒక్కలాగే చెప్పాడు.

ఆల్బర్ట్ పని మానేశాక మా గదిలో ఒక లీగు పెట్టాడు. ఇంగ్లండు ఫుట్‌బాల్ మీదే ఇక్కడి టీకొట్లు సగం నడుస్తాయి కదా, దాని మీదే ఈ ఫాంటసీ ఆట కూడా. ఎవరికి వారు పదిహేనుమంది ఆటగాళ్ళను ఎంచుకుంటారు. వాళ్ళు నిజం మైదానంలో ఎలా ఆడితే మనకు అన్ని పాయింట్లు. ఒకణ్ణి కెప్టెన్ చేస్తే వాడి పాయింట్లు రెండింతలు. కెప్టెన్ మైదానంలో అడుగే పెట్టకపోతే ఆ రెండింతలు వైస్ కెప్టెన్‌కు పోతాయి. ఒక్క నిమిషం ఆడినా మాత్రం పోవు. ఇంతే ఆట. మా లీగులో పదకొండుమందిమి.

ఒక వీధికి కరెంటు ఉన్నప్పుడు ఇంకో వీధికి ఉండదు. ఫోన్లూ అంతే. అందుకని అందరమూ పేర్లు చీటీ మీద రాసి రాజుకిస్తాం. కెప్టెన్ పేరు చుట్టూ గుండ్రం, వైస్ పేరు కింద గీత. అతను మా గది కిటికీ దగ్గర, లైను అందే ఒక్క మూల నిలబడి, పదకొండు జట్లనూ తన ఫోనులోంచే ఎక్కిస్తాడు. అందరి పాస్‌వర్డులూ గోడ క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసి ఉంటాయి. ఎవరికీ అనుమానం రాలేదు. రాజు రాస్తే తప్పుండదని మాకు ఆల్బర్ట్ నేర్పాడు.

ఆల్బర్ట్ పోయి రెండేళ్ళు. జట్టు పోలేదు. ఆయన భార్య మిరియం, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, పక్కపేట చిమిండైంగ్‌లో ఉంటుంది. ఆల్బర్ట్ పేరుతోనే చీటీ పంపుతోంది. నిరుడు ఆ జట్టు అందరికంటే అడుగున వచ్చింది. ఏడాది చివర పాయింట్ల కాగితం గోడకు అంటించి, రాజు ఆ చివరి వరస మీద చెయ్యిపెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. అంటుకుందో లేదో చూస్తున్నాడనుకున్నాను.

ఈ ఏడు జూలై వచ్చేసరికి అతను రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాడు. లీగు మొదలయ్యేముందు జట్లు ఊరూరా తిరిగి ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఆడతాయి. వాటికి పాయింట్లు లేవు, కప్పూ లేదు. ముందు సగం ఒక పదకొండుమంది ఆడితే, వెనక సగం ఇంకో పదకొండుమంది. రాజు అవన్నీ చూసేవాడు. చూడలేకపోయినవి ఎవరినో అడిగి రాసుకునేవాడు. ఆటగాళ్ళ పేర్లు నేను ఇక్కడ రాయను. ఏటేటా మారిపోయే పేర్లు, రాజు కూడా వాళ్ళను నంబర్లతోనే పిలుస్తాడు. నేను ఒకరోజు పుస్తకం తిరగేసి చూస్తే అందులో ఒక్క గోలు కూడా లేదు.

"గోల్స్ రాయవా రాజూ?"

"ఈ ఆటల్లో గోలు ఎవడైనా ఏస్తాడు బావా. అవతల నిలబడ్డోడు సెలవలకొచ్చినోడిలాగ నిలబడతాడు. ఎన్ని నిమిషాలు ఆడినాడు, ఎక్కడ నిలబడినాడు, మూలనించి బంతి కొట్టీది ఎవడు, పెనాల్టీ అనగానే బంతి సంకనెట్టుకునీది ఎవడు. అది సూడాల. గోలు సూడకూడదు."

"అయితే గోల్స్ ఎందుకూ పనికిరావంటావు."

"ఎందుకు పనికిరావు? మిరియమొదిన లాంటోళ్ళని మోసం సెయ్యడానికి పనికొస్తాయి."

మిరియం నిజంగానే మోసపోయిందని ఆగస్టు రెండో బుధవారం తేలింది. ప్రార్థన కూటం అయ్యాక ఆవిడ గొడుగు దులుపుకుంటూ మా గదిలోకి వచ్చి చీటీ బల్లమీద పెట్టింది. కొత్తగా వచ్చిన ఒక పొడుగాటి ఫార్వర్డు పేరు చుట్టూ, అచ్చు మందుబిళ్ళలాగా, గుండ్రం చుట్టి ఉంది. పదో నంబరు ఆటగాడి పేరు కింద గీత ఉంది.

రాజు చీటీ చూసి కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"వొదినా, ఈ పొడుగు గుంటణ్ణి కెప్టెన్ సేసినావేటి?"

"ఏడు గోల్స్ ఏసినాడురా నెల్లాళ్ళలో. నీ కళ్ళకి ఆపరేషను సేయించుకోమని ఎప్పుడో సెప్పేను."

"ఏడూ వెనక సగంలో ఏసినాడు. అవతలోళ్ళు అలిసిపోయినాక. మొదటి పదకొండుమందిలో ఆడికి సోటే నేదు. పదో నంబరోణ్ణి సూడు, నాలుగొందల పన్నెండు నిమిషాలు ఆడినాడు. పెనాల్టీలన్నీ ఆడియే. ఆణ్ణి ఒగ్గేసి..."

"ఒగ్గీలేదు కదా, గీత గీసినాను."

"గీత కాదొదినా, గుండ్రం..."

"ఒరే రాజూ. నీకు ఇచ్చింది ఎక్కించడానికి. దిద్దడానికి కాదు." ఆవిడ నవ్వుతూనే అంది. వెళుతూ గుమ్మంలో ఆగి, "ఆ పొడుగోడు మైదానంలోకి వచ్చీటప్పుడు పక్కనున్న సిన్నపిల్ల బూటు తాడు ఊడిపోతే వొంగి కట్టినాడు. మీ అన్నయితే అది సూసే ఎట్టును" అంది.

రాజు చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

లీగు మొదలైంది శనివారం. మన గడియారంలో సాయంత్రం నాలుగున్నర దాటితే ఆ వారానికి ఏ చీటీ ఎక్కదు. మూడింటినుంచి వాన. రాజు కిటికీ దగ్గర నిలబడి ఒక్కో చీటీ ఎక్కిస్తున్నాడు. అతని పద్ధతి నాకు తెలుసు. రేవు అలవాటు పోలేదు. ప్రతి పేరూ గొణుగుతున్నట్టయినా బయటికి పలికి, ఆ తర్వాతే వేలు నొక్కుతాడు. నేను బల్ల దగ్గర కూర్చుని చదువుకుంటుంటే వాన చప్పుడులో ఆ పేర్లు వినిపిస్తూ ఉన్నాయి.

పది జట్లు అయ్యాయి. పదకొండోది ఆల్బర్ట్‌ది. పదమూడు పేర్లు వినిపించాయి. తర్వాత గొణుగుడు ఆగిపోయింది.

"బావా."

"ఊఁ."

"వొదిన ఫోను పలకడం నేదు. ఆళ్ళ వీధికి కరెంటు నేదనుకుంటాను."

"ఉండి ఉండదు."

"ఈ పొడుగోడు ఇవాళ ఆడడు బావా. నాకు తెలుసు. అన్న పేరు మళ్ళీ అడుగున కూకుంటాది. గుండ్రం అటు, గీత ఇటు. అంతే కదా. ఏటంటావు?"

నేను తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే వద్దనేవాణ్ణో, నీ ఇష్టమనేవాణ్ణో నాకు తెలియదు. పేజీ తిప్పాను. అది అతను జవాబనుకున్నాడో ఏమో. రెండుసార్లు వేలు ఫోను మీద తాకిన చప్పుడు విన్నాను. రెండు పేర్లు మాత్రం వినలేదు. రాజు పలకకుండా రాశాడు. అతణ్ణి ఎరిగిన ఇన్నేళ్ళలో అది మొదటిసారి.

మర్నాడు ఆరాధన అయ్యాక బయటికి వస్తే అతను గేటు దగ్గర తడుస్తూ నిలబడి ఉన్నాడు. మొహం చూసి ఎవరో పోయారనుకున్నాను. ఎవరూ పోలేదు. పొడుగువాడి జట్టులో రోజూ ఆడే పెద్ద ఫార్వర్డుకు గురువారం చీలమండ మడతపడిందట. పొడుగువాడు మొదటి పదకొండుమందిలోనే దిగి, రెండు గోల్స్ కొట్టాడు.

మాట్లాడుకుంటుండగానే మిరియం వెనకనుంచి వచ్చి రాజు వీపుమీద గొడుగు పిడితో పొడిచింది.

"ఏట్రా గుమాస్తా! రెండేసినాడు! దానికి రెండింతలు! ఆ నోటుపుస్తకం పకోడీల కొట్టుకిచ్చీ, పొట్లాలు కట్టుకుంటారు."

"అవునొదినా" అన్నాడు రాజు. నవ్వబోయాడు కూడా.

ఆవిడ బస్సెక్కాక నాతో గదిలోకి వచ్చి కూలబడ్డాడు. రెండింతలు ఇప్పుడు మిరియంవి కావు. రాజు కెప్టెన్‌గా పెట్టిన పదో నంబరువాడి మ్యాచ్ ఆ సాయంత్రం ఉంది. వాడు ఒక్క నిమిషం దిగినా చాలు, పొడుగువాడి పాయింట్లు రెండింతలవ్వవు. మంగళవారం కాగితం గోడకెక్కగానే మిరియం తన చీటీకీ ఆ కాగితానికీ తేడా చూస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళు రేవులో ఎవరూ పెట్టలేకపోయిన మచ్చ, ఆల్బర్ట్ పడవ విప్పించి చెరిపేసిన మాట, ఆల్బర్ట్ జట్టు దగ్గరే నిజమవుతుంది.

"ఆడకుండా ఉంటే?" అన్నాను.

"ఆడా? నెల్లాళ్ళూ అందరికంటే ఎక్కువ ఆడినోడు బావా. నా పుస్తకంలోనే రాసుంది." కాసేపు ఆ పుస్తకాన్నే చూసి, "ఎందుకు రాసినాను" అన్నాడు.

మ్యాచ్ చూడడానికి ఇద్దరమూ చిమిండైంగ్ బజారు పక్కన జనరేటరున్న టీకొట్టుకు వెళ్ళాం. నాకు ఫుట్‌బాల్ మీద ఆసక్తి లేదు. అతణ్ణి ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు. జట్ల పేర్లు తెరమీదికి రాగానే రాజు నా మణికట్టు పట్టుకున్నాడు. పదో నంబరువాడు మొదటి పదకొండులో లేడు. తొడ కండరం పట్టేసిందట, బయట బెంచీ మీద కూర్చున్నాడు. నెలంతా ఎక్కువ ఆడడమే కారణమని టీవీలో చెబుతున్నట్టు ఎవరో బర్మా భాషలో వివరించారు. నాలుగొందల పన్నెండు నిమిషాలు. రాజు నమ్మకానికి పునాదిగా పెట్టుకున్న అంకె అది.

"బెంచీ మీదున్నోడు లేవకుండా ఉండాల. తల్లీ పైడితల్లీ, ఆడు లేవకుండా సూడు" అని గొణిగాడు.

కొట్టు యజమాని మా ముందు టీ పెడుతూ, "రాజుగారూ, నెల్లాళ్ళుగా మీరు మోసిన వాడే కదా, బయట కూర్చోబెట్టారేంటి పాపం" అని బర్మా భాషలో వెక్కిరించాడు. రాజుకు వినపడలేదు.

ఆ జట్టు ఒక గోలు వెనకబడింది. కొట్టులో కుర్రాళ్ళందరూ పదో నంబరువాణ్ణి దింపమని బల్లలు చరుస్తున్నారు. డెబ్బయ్యో నిమిషంలో వాడు లేచి గట్టువెంట పరుగు మొదలుపెట్టాడు. రాజు టీ గ్లాసు పట్టుకున్నాడు, తాగలేదు. ఎనభై ఆరో నిమిషంలో వాడు పైకోటు విప్పాడు. గీత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బంతి బయటికి పోతే లోపలికి రావడమే. బంతి బయటికి పోలేదు. మైదానం మధ్యలో బంతి అలా తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది, ఎవడో దూరంనుంచి తన్నాడు, అది వలలో పడింది. స్కోరు సమానమైంది. కోచ్ చెయ్యి ఊపి, పదో నంబరువాణ్ణి వెనక్కి పంపి, వాడి బదులు ఒక డిఫెండరును దింపాడు.

కొట్టు కొట్టంతా లేచి అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది రాజే. పక్కబల్ల కుర్రాడు అతణ్ణి కావలించుకున్నాడు. గోలు కోసమనుకున్నాడు మరి. ఈల ఊదేసరికి రాజు కళ్ళు తుడుచుకుంటున్నాడు, నేను అతని టీ కూడా తాగేశాను.

మంగళవారం కాగితం గోడకెక్కింది. ఆల్బర్ట్ మూడో స్థానం. పొడుగువాడి పేరు ఎదురుగా రెండింతలు ఉన్నాయి. చీటీ మీద గుండ్రం వాడికే ఉంది, గోడమీద లెక్కా వాడిదే. ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. నాకు ఆ ఉదయం గుండె మీంచి బియ్యం సంచి దింపినట్టుంది. అంతా సర్దుకుంది, ఇక ఆ శనివారాన్ని మర్చిపోవచ్చు అనుకున్నాను.

మిరియం పనిగట్టుకుని వచ్చింది. కాగితం ముందు నిలబడి వేలితో వరస తడిమింది. రాజు ఆవిడ వెనకే నిలబడ్డాడు.

"వొదినా. నీ సీటీ నాను మార్సినాను."

ఆవిడ తిరగలేదు. "ఏటి మార్సినావు?"

"గుండ్రం పదోవోడికి ఎట్టినాను. గీత పొడుగోడికి. ఆడు ఆడకపోబట్టి నీది నీకొచ్చింది. ఆడుంటే పోయీది."

మిరియం కళ్ళద్దాలు తీసి పైట చెంగుతో తుడిచింది, చాలాసేపు తుడిచింది.

"ఎందుకురా?"

"అన్న పేరు అడుగున సూడలేకపోయినాను."

"అడుగునుంటే ఆయనకేటి నొప్పి?" అంది. "బతికున్నన్నాళ్ళూ అడుగునే కదేట్రా ఉన్నాడు! పదో స్థానమొస్తే ఇంటికి సేప తెచ్చేవోడు. పైకొచ్చిందెప్పుడు?"

నిజమే. నిజమని మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. లీగు పెట్టినవాడు ఒక్క ఏడు కూడా లీగులో పైకి రాలేదు. నాకు నవ్వు ఆగలేదు. అదే నేను చేసిన తప్పు. ఆవిడ నావైపు తిరిగింది.

"నువ్వెక్కడున్నావు ఎలీజా అప్పుడు?"

"ఇక్కడే ఉన్నానక్కా."

"ఏటి సేస్తన్నావు?"

"చదువుతున్నాను."

"ఏ పేజీ?"

ఆ రోజు పేజీ తిప్పిన మాటే గుర్తుంది. ఏమి చదివానో ఒక్క ముక్క గుర్తులేదు.

రాజు ఫోను తీసి బల్లమీద పెట్టాడు. "ఇకనించి ఇంకెవరన్నా ఎక్కించండి. నా సెయ్యి తప్పింది."

మిరియం ఆ ఫోనును గొడుగు కొనతో అతనివైపు తోసింది. "తప్పింది సెయ్యి కాదు, నోరు. రేవులో ఎలగ సేసేవోరు మీరు? ఆయన పిలిస్తే నువ్వు పలికేవోడివి. ఇదిగో, శనోరం వొస్తాను. నాను పిలుస్తాను."

శనివారం ఆవిడ నిజంగానే వచ్చింది. వానలో, బస్సులో, నాలుగింటికి. బల్లకు ఇటు కుర్చీ వేసుకుని కూర్చుని చీటీ విప్పింది. రాజు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆసుపత్రి వార్డులో మంచం నంబరు పిలిచే గొంతుతో ఒక్కొక్క పేరే పిలిచింది. ఒక్కొక్క పేరే రాజు తిరిగి పలికాడు, పలికాకే నొక్కాడు. నేను పుస్తకం మూసి పెట్టుకుని విన్నాను.

పదమూడు అయ్యాయి.

"పొడుగోడు. గుండ్రం" అంది మిరియం.

ఆ వారం పొడుగువాడి అవతలి జట్టు లీగులో అందరికంటే గట్టిది. వాడు ఆడతాడో లేదో కూడా అనుమానమే. ఆ ఉదయమే రాజు నోటుపుస్తకం తెరిచి నాకదంతా లెక్కకట్టి చూపించాడు. ఇప్పుడు కిటికీ బయటికి ఒకసారి చూశాడు.

"పొడుగోడు. గుండ్రం" అన్నాడు. మిగతా పేర్లకంటే గట్టిగా అన్నాడు. చర్చి తోటలో మొక్కలు సర్దుతున్న మనిషి తలెత్తి చూశాడు. రాజు వేలు నొక్కాడు.

"పదోవోడు. గీత."

"పదోవోడు. గీత."

అతను ఫోను జేబులో వేసుకున్నాడు. బల్ల దగ్గరికి వచ్చి, చీటీని మడిచి మిరియం చేతిలో పెట్టాడు. మూలనున్న గొడుగు తీసుకున్నాడు. రోజూ ఈ గదిలోంచి వెళ్ళేటప్పుడు ఒకసారి బల్ల దగ్గర, ఒకసారి గుమ్మంలో "ఎల్లొస్తాను బావా" అనే మనిషి.

"ఒరే రాజూ, ఉండు, టీ తాగి ఎల్లు" అని పిలిచింది మిరియం.

అతను తిరిగి చూడలేదు. వానలో గొడుగు విప్పుకుని, తడి చెప్పులు టపటపలాడించుకుంటూ, ఏమీ అనకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.